లోపల ఉన్నవారు: ఒకటి

ఇలాంటివి రాసే ప్రతివాళ్ళూ ముందుగా తాము దెయ్యాలను నమ్మమని చెప్పుకుంటారు. నేను ఇంకో మెట్టు ఎక్కువే. నమ్మేవాళ్ళను చూసి నవ్వేదాన్ని. మా అమ్మ దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు చూశావా, ఎంత దిష్టి తగిలిందో అనేది. అది దిష్టి కాదమ్మా, కొట్టువాడు నాసిరకం కాయలు అంటగట్టాడు అనేదాన్ని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె విసుక్కునేది.

ఇప్పుడు రాస్తున్నది మూడేళ్ళ కిందట పట్టపగలు నా కళ్ళెదుట జరిగింది. దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెడితే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. తీరిక దొరికినప్పుడు చుట్టుపక్కల వాళ్ళకు చిన్న చిన్న వెబ్ అప్లికేషన్లు చేసి పెడుతుంటాను. ఇంటర్నెట్ సరిగ్గా అందని చోట్ల నా పద్ధతి బాగా నప్పుతుంది. ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, ఒక వై-ఫై పెట్టె తగిలించి, అప్లికేషన్ అందులోనే పెట్టేస్తాను. ఆ ఆవరణలో ఉన్న ఎవరైనా ఫోన్‌లో దాని అడ్రసు కొడితే పేజీ తెరుచుకుంటుంది. బయటి ప్రపంచంతో దానికి సంబంధం ఉండదు. నకరికల్లులో ఒక రైస్ మిల్లుకూ, బొల్లాపల్లి దగ్గర ఒక హాస్టల్‌కూ ఇలాగే పెట్టాను. రెండూ ఇవాళ్టికీ ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో దాచేపల్లి అవతల ఒక సున్నపురాయి క్వారీ ఓనరు కబురు పెట్టాడు. క్వారీ పేరు చెప్పను. అతను దాన్ని అంతకు ముందు ఏడే ఇంకొకరి దగ్గర కొన్నాడు. బండ పేల్చే ముందు లోపల మనుషులెవరూ లేరని చూపించే లెక్క సరిగ్గా ఉండాలని తనిఖీకి వచ్చినవాళ్ళు గట్టిగా చెప్పిపోయారట. అందుకు ఏదైనా చేసి పెట్టమన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అప్పటిదాకా నడుస్తున్న పద్ధతి చూశాను. గేటు దగ్గర ఒక నాపరాయి పలక, పక్కన ఒక రేకు డబ్బా నిండా కంకరరాళ్ళు. పొద్దున లోపలికి దిగే ప్రతి మనిషీ డబ్బాలోంచి ఒక రాయి తీసి పలక మీద పెడతాడు. పైకి వచ్చేటప్పుడు ఒక రాయి తీసి మళ్ళీ డబ్బాలో వేస్తాడు. పలక మీద ఎన్ని రాళ్ళుంటే లోపల అంతమంది ఉన్నట్టు. దీనికి కాపలా కోటయ్య మేస్త్రి. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటాడు, మాట తక్కువ. ఆయన చెయ్యి ఊపితేనే సైరన్ గదిలో ఉన్నవాడు మీట నొక్కి బండ పేలుస్తాడు.

ఆ మధ్యాహ్నం అందరూ పైకి వచ్చారు. పలక మీద ఒక రాయి మిగిలింది. మేస్త్రి దాన్ని చూశాడు, చూసి కూడా చెయ్యి ఊపాడు. బండ పేలింది.

నాకు కావలసింది దొరికింది. ఓనరు దగ్గరికి వెళ్ళి, చూశారా, లెక్కలో ఒక రాయి మిగిలిపోయినా పట్టించుకోకుండా పేల్చేశారు, ఎవడో తీయడం మరిచిపోయి ఉంటాడు, ఈ రాళ్ళ మీద మనుషుల ప్రాణాలు పెట్టొచ్చా అన్నాను. మేస్త్రి అక్కడే నిలబడి వింటున్నాడు. ఆయన నన్ను కాదనలేదు, ఔననలేదు. నాకు అది తప్పు దొరికిపోయిన మనిషి మౌనంలా కనిపించింది.

వారం తర్వాత సామాను తీసుకుని వెళ్ళాను. లారీలు తూచే కాటా పక్కన చిన్న గది ఇచ్చారు. నేలంతా చెమ్మ. సర్వర్‌ను నేల మీద పెడితే నాలుగు వానలకు పోతుంది, కింద ఎత్తుకు ఏదైనా వెయ్యమన్నాను. మనుషులు వెళ్ళి గేటు దగ్గరి నాపరాయి పలకనే మోసుకొచ్చారు. ఇక దానితో పని లేదు కదా అని నేనూ సరేనన్నాను. దాని మీద ఇంకా ఒక కంకరరాయి ఉంది. దాన్ని నేనే చేత్తో తోసేసి, కిటికీలోంచి బయటి గుట్ట మీదకు విసిరాను. పలకను రెండు ఇటుకల మీద పెట్టి దాని మీద కంప్యూటర్‌ను నిలబెట్టాం.

నేను చేసిన ఏర్పాటు తేలిక. వాచ్‌మన్ చేతిలో ఒక ట్యాబ్. మనిషి దిగేటప్పుడు అతని పేరు నొక్కితే లోపలికి వెళ్ళిన టైము పడుతుంది, పైకి వచ్చేటప్పుడు నొక్కితే వచ్చిన టైము పడుతుంది. వచ్చిన టైము లేని పేర్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, సైరన్ గదిలో ఉన్న టీవీ మీద పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. లోపల ఉన్నవారు: ఇంతమంది. సున్నా వస్తే పేజీ పచ్చగా మారుతుంది. ఇంతకంటే చిన్న అప్లికేషన్ నా స్టూడెంట్లు కూడా చెయ్యరు.

మొదటి రోజు పరీక్షగా నడిపాం. ఇరవై ముగ్గురు దిగారు. మధ్యాహ్నం ఇరవై ముగ్గురూ వచ్చారు. టీవీ మీద మాత్రం ఒకటి అని ఉంది.

డేటాబేస్ తెరిచి నేరుగా చూశాను. ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడింటికీ వచ్చిన టైము ఉంది. అంటే సున్నా రావాలి. పేజీ ఒకటి అంటోంది. పాత పేజీ నిలిచిపోయిందేమోనని మరో ఫోన్‌లో చూశాను. ఒకటే. పాత ప్రోగ్రామ్ ఇంకోటి వెనక నడుస్తోందేమోనని చూశాను, లేదు. సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. మర్నాడు మొత్తం చెరిపేసి మొదట్నుంచి మళ్ళీ ఎక్కించాను. ఒక్క పేరు కూడా లేని ఖాళీ డేటాబేస్ మీద కూడా ఆ పేజీ, లోపల ఉన్నవారు ఒకటి అనే చూపించింది. అదే కోడ్ నా లాప్‌టాప్‌లో నడిపితే బుద్ధిగా సున్నా చూపించేది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఓనరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. కాలేజీ తెరిచే రోజు దగ్గర పడింది. నకరికల్లులో, బొల్లాపల్లిలో తెచ్చుకున్న పేరంతా ఈ ఒక్క అంకె దగ్గర పోయేలా ఉంది. చొక్కా పొడుగెక్కువైతే టైలరు లోపలికి మడిచి కుట్టేసినట్టు, లెక్క చూపించే లైను చివర మైనస్ ఒకటి అని రాసేశాను. టీవీ మీద సున్నా పడింది, పేజీ పచ్చబడింది. అందరూ బాగుందన్నారు. ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలు బాగానే నడిచింది. కాకపోతే టీవీ మీద సున్నా పడ్డాక కూడా కోటయ్య మేస్త్రి చెయ్యి ఊపేవాడు కాదట. తనే ఒకసారి లోపలికి దిగి చుట్టూ చూసి వచ్చేవాడట. రోజూ అరగంట ఆలస్యం. ముసలాయనకు మిషను మీద నమ్మకం లేదని ఓనరు నాకు ఫోన్‌లో చెప్పి నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

జూన్ మొదటి వారంలో పని అప్పగించేద్దామని వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నరకు గురజాల వైపునుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అప్పటికే బండలో వేసిన బొక్కల్లో మందు కూరి ఉంది. మందు కూరిన బండ మీద ఉరుములు, మెరుపులు మంచివి కావు. ఎంత త్వరగా పేల్చేస్తే అంత మేలు. పిడుగు దగ్గర్లో పడితే దానంతట అదే పేలిపోవచ్చు. అందుకే ఆ రోజు ఎవరూ లోపలికి దిగి తిరగడానికి వీల్లేదని ఓనరు ఫోన్‌లో కచ్చితంగా చెప్పాడు.

సైరన్ మోగింది. అందరూ పైకి వచ్చారు. మేమంతా సైరన్ గదిలో టీవీ ముందు నిలబడ్డాం. లోపల ఉన్నవారు: ఒకటి.

నాకు భయం వేసింది. మనిషి ఎవరైనా ఉన్నాడని కాదు, నా గుట్టు బయటపడుతుందని. లాప్‌టాప్‌లో డేటాబేస్ తెరిచాను. ఇరవై మూడు పేర్లకూ వచ్చిన టైము ఉంది. మేస్త్రి మనుషులను వరుసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. ఇరవై ముగ్గురు. దూరంగా మెరిసింది. ఓనరు మళ్ళీ ఫోన్ చేశాడు, ఇంకా ఎందుకు పేల్చలేదని.

మేస్త్రి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు జెప్పు. కొట్టమంటావా?"

అది కంప్యూటర్ తప్పు, లోపల ఎవరూ లేరు, కొట్టండి అన్నాను. ఈ మాట నేనే అన్నాను. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

ఆయన చెయ్యి ఊపలేదు. టీవీ వంక చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఇందులో నువ్వేమన్నా తీసేసినావా?"

ఆ ప్రశ్న ఆయనకు ఎలా తట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. అబద్ధం చెప్పాలనిపించింది. కానీ అంతమంది మధ్య ఆ మనిషి కళ్ళలోకి చూసి చెప్పలేకపోయాను. ముందు నుంచీ ఒకటి ఎక్కువ చూపిస్తోందనీ, తప్పు ఎక్కడుందో దొరక్క ఒకటి తీసేశాననీ ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దాన్ని ఎట్టా ఉండేదో అట్టా పెట్టమన్నాడు. మైనస్ ఒకటి చెరిపేసి ప్రోగ్రామ్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

లోపల ఉన్నవారు: రెండు.

"ఒకడెవరో నాకు తెలుసు," అన్నాడు కోటయ్య మేస్త్రి. "రెండోది ఎవరు?"

ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. ఎర్రగుడ్డ తలకు చుట్టుకుని, మందు కూరిన బండ పక్కనుంచే గుంతలోకి దిగిపోయాడు. ఎవరూ రావద్దని వెనక్కి చెయ్యి చూపించాడు. వాచ్‌మన్ ఆయన పేరు నొక్కాడు, అంకె మూడైంది. ఉరుము ఈసారి దగ్గర్లో వినిపించింది. పనివాళ్ళలో ఒకడు దణ్ణం పెట్టుకుంటున్నాడు. నేను పెట్టుకోలేదు.

పావుగంటకు ఆయన పైకి వచ్చాడు. వెనక ఒక ఆడమనిషి, ఆమె చంకలో ఒక మేకపిల్ల. పక్క ఊళ్ళో మేకలు కాసే పిచ్చమ్మ. వెనక వైపు కంచె పడిపోయిన చోటునుంచి మేకపిల్ల గుంతలోకి జారితే దాని కోసం దిగింది. పేల్చబోయే బండకు సరిగ్గా కిందే ఉంది. సైరన్ వినలేదా అంటే, విన్నాననీ, చుట్టూ అన్నీ క్వారీలే కాబట్టి రోజూ నాలుగు సైరన్లు మోగుతాయనీ, పక్కదాని సైరన్ అనుకున్నాననీ చెప్పింది.

పిచ్చమ్మ ఆ గేటు గుండా దిగలేదు. ఆమె పేరు డేటాబేస్‌లో లేదు. ఆమె లోపల ఉన్నట్టు భూమ్మీద ఎవరికీ తెలియదు. మేస్త్రి వచ్చిన టైము నొక్కాక అంకె మళ్ళీ రెండైంది. ఆ తర్వాత ఎవరూ ట్యాబ్ ముట్టుకోలేదు, నేను లాప్‌టాప్ ముట్టుకోలేదు. మేమందరం చూస్తుండగానే టీవీ మీద రెండు పోయి ఒకటి పడింది.

మేస్త్రి ఆ ఒకటిని చూసి తల ఊపాడు. "ఇప్పుడు సరిపోయింది," అని చెయ్యి ఊపాడు. బండ పేలింది. ఆ వెంటనే వాన అందుకుంది.

వాన తగ్గేదాకా కాటా గదిలో కూర్చున్నాం, ఆయనా నేనూ. అప్పుడు చెప్పాడు. పాత ఓనరు కాలంలో, ఆయన మేస్త్రి అయిన కొత్తలో, బావమరిదిని తీసుకొచ్చి పనిలో పెట్టాడట. పేరు గురవయ్య, పాతికేళ్ళు కూడా లేవు. ఒక శనివారం మధ్యాహ్నం అందరూ పైకి వచ్చారనుకున్నాక పలక మీద ఒక రాయి మిగిలింది.

"ఎవడో తియ్యటం మర్సిపొయ్యాడనుకున్నా. నేనే తీసి డబ్బాలో ఏసినా. ఏసి, చెయ్యి ఊపినా."

ఆయన గొంతు మారలేదు. ఆ మాట ఎన్నేళ్ళుగానో లోలోపల చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. ఇంటికి పోయి భార్యకు ఆమె తమ్ముడి సంగతి చెప్పాల్సి వచ్చింది కదా, ఆమె ఏమన్నదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మా ఆడమనిషి ఇయ్యాల్టిదాకా నన్నొక్క మాట అన్లేదమ్మా. అన్నా బాగుండేది."

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు ఆయనే పలక మీద ఒక రాయి పెట్టాడు. దాన్ని మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. ఒకటి మిగిలితేనే చెయ్యి ఊపేవాడు. పలక పూర్తిగా ఖాళీగా కనిపిస్తే చేత్తో తీసేసిన ఆ రోజే గుర్తొచ్చి ఒళ్ళు స్వాధీనంలో ఉండదన్నాడు. టీవీ మీద రోజూ సున్నా పడుతుంటే, తను తీసినట్టే ఎవరో ఒకటి తీసేశారని అనుమానం వచ్చిందట. పాతవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కొత్త ఓనరుకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పాల్సిన పనీ లేదు, నేను అడగనూ లేదు.

నేను కిటికీలోంచి విసిరేసిన రాయి అదే. ఆయనతో ఆ మాట చెప్పాను. చూశానమ్మా అన్నాడు, అంతే. మిగిలిన రాయిని ఎవడో మరిచిపోయాడులే అనుకున్నాడు ఆయన. మిగిలిన అంకెను కంప్యూటర్ తప్పులే అనుకున్నాను నేను. ఆయన చేత్తో తీశాడు, నేను కోడ్‌లో తీశాను. ఆయన నా మాట విననందుకు నా అదృష్టం బాగుంది, పిచ్చమ్మది ఇంకా బాగుంది.

వెళ్ళబోతుంటే ఆయన ఒక్కటి అడిగాడు. గురవయ్య పేరు కూడా అందులో రాయమన్నాడు. రాశాను. లోపలికి వెళ్ళిన టైము దగ్గర ఆయన చెప్పిన శనివారం, పొద్దున ఏడు గంటలు. వచ్చిన టైము ఖాళీ.

ఇప్పుడు టీవీ మీద రెండు పడాలి. ముందునుంచీ ఎక్కువగా ఉన్న ఒకటి, గురవయ్య పేరుతో ఇంకొకటి. ఒకటే పడింది. డేటాబేస్ తెరిచి చూశాను, అక్కడా ఒకటే. మొదటిసారి రెండు లెక్కలూ కలిశాయి. ఆ రోజునుంచి ఈ రోజుదాకా ఒక్కసారి కూడా తేడా రాలేదు.

తెలిసిన వాళ్ళకు, కోడ్ రాసే స్నేహితులకు ఈ సంగతి చెప్పాను. ఒకరు కంప్యూటర్ మెమరీ చెడిందన్నారు, ఒకరు కోడ్ పంపించు చూస్తానన్నారు. పంపించాను. వాళ్ళ దగ్గర సున్నా వచ్చింది, మర్యాదగా నవ్వారు. నేను ఇదివరకు నవ్వినట్టే. మెమరీ చెడితే పిచ్చమ్మ గుంతలోకి దిగినప్పుడు అంకె పెరిగి, పైకి వచ్చాక ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం ఇప్పుడు మేకలు తోలుకుని అటు పోయినప్పుడల్లా గేటు దగ్గర ఆగి, దిగకపోయినా తన పేరు ఉందో లేదో చూడమని వాచ్‌మన్‌ను పీడిస్తుందట.

ఆర్నెల్లకొకసారి సర్వర్ చూడటానికి వెళ్తుంటాను. అది ఇంకా ఆ పలక మీదే ఉంది, తీయించాలని నాకూ అనిపించలేదు, ఓనరుకూ అనిపించలేదు. మేస్త్రి పని మానేశాడు. ఆయన స్థానంలో ఉన్నవాడు కూడా ఒకటి పడితేనే చెయ్యి ఊపుతాడు. ఆ పేజీ ఇప్పుడు ఒకటికే పచ్చగా మారేలా పెట్టాను.

అసలు సంగతి తేల్చుకోవడం చాలా తేలిక. గురవయ్య పేరును ఒక్క నిమిషం తీసేసి చూస్తే చాలు. సున్నా వస్తే అప్పట్లో ఏదో చెడింది, ఇప్పుడు బాగైంది అనుకుని నిమ్మళంగా ఉండొచ్చు. రెండుసార్లు ఆ ఒక్క లైనూ టైపు చేసి, వేలు మీట మీద పెట్టి కూర్చున్నాను. కంప్యూటర్లు చెప్పే దాన్ని, పరీక్షించకుండా దేన్నీ నమ్మవద్దని పిల్లలకు రోజూ చెప్పే దాన్ని. రెండుసార్లూ చెరిపేసి లేచి వచ్చేశాను. మిగిలిన ఆ ఒక్కడిని లెక్కలోంచి తీసేయడం ఇప్పటికి మూడుసార్లు జరిగింది, మేస్త్రి చేత ఒకసారి, నా చేత రెండుసార్లు. నాలుగోసారి నా చేతులతో చెయ్యలేను.